ఆరంగుళాల వేరు

అద్దెకి దిగి తొమ్మిది నెలలైనా బాల్కనీ కుండీలో కరివేపాకు మొక్కకి వేరు రెండంగుళాలు దాటకపోవడంతో, భాస్కరమూర్తి కుటుంబం జనవరి నెలాఖరుకి కూడా నేలకి నాలుగంగుళాల ఎత్తులోనే ఉంది.

ఆ ఊళ్ళో ఇది వింతేమీ కాదు. అద్దెకి దిగిన ప్రతి కుటుంబం వారం లోపల ఒక కుండీలో ఒక గింజ పెట్టాలి. అంటుమొక్కలు, నర్సరీ మొక్కలు చెల్లవు. మట్టిలో ఆరంగుళాల వేరుంటే ఆ ఇంటివాళ్ళ పాదాలు నేలకి ఆనతాయి. వేరు ఎన్ని అంగుళాలు తగ్గితే వాళ్ళు అన్ని అంగుళాలు పైన ఉంటారు. సొంతిల్లు ఉన్నవాళ్ళకి ఈ లెక్క లేదు, వాళ్ళు పుట్టుకతోనే ఆని ఉంటారు. భాస్కరమూర్తి కరివేపాకు గింజనే ఎంచుకోవడానికి కారణం, వేరుతోపాటు పోపులోకి ఆకు కూడా కలిసొస్తుందని.

నాలుగంగుళాలంటే పెద్ద ఇబ్బంది కాదు. చెప్పులు అరగవు. భార్య అనంతలక్ష్మి ఇల్లు తుడిచేటప్పుడు ఎవర్నీ కాళ్ళెత్తమనక్కర్లేదు. భాస్కరమూర్తి ఎరువుల డిపోలో గుమస్తా. ఆఫీసువాళ్ళు కుర్చీకి బెల్టు ఇచ్చారు. గాలి రోజుల్లో బజారుకి వెళ్ళేటప్పుడు సంచిలో ఒక రాయి వేసుకుంటే పక్కవీధిలోకి కొట్టుకుపోకుండా ఉంటుంది.

చిక్కు ఫిబ్రవరి మొదటివారంలో వచ్చింది. పదో తరగతి పరీక్ష రాసేవాళ్ళ పాదాలు నేలకి ఆని ఉన్నట్టు, కుండీల్లో వేర్లు కొలిచే వేళ్ళ శాఖ నుంచి ధ్రువపత్రం తేవాలని స్కూల్లో నోటీసు అంటించారు. ఎత్తులో ఉన్నవాళ్ళకి ముందు బెంచీవాళ్ళ పేపరు కనబడుతుందన్నది కారణం. వాళ్ళమ్మాయి హిమజ క్లాసులో ఫస్టు. ముందు బెంచీ చూసి రాయాల్సిన అవసరం ఆ పిల్లకి లేదని హెడ్మాస్టరు కూడా ఒప్పుకున్నారు. అయినా ఎత్తు ఎత్తేనన్నారు. పత్రం లేకపోతే ఏడాది పోతుంది. పరీక్షకి నలభై రోజులుంది.

ఆ రోజునుంచి మొక్కని భాస్కరమూర్తి స్వయంగా చూసుకోవడం మొదలుపెట్టాడు. వేరు ఎదగకపోవడానికి శాఖవారి కరపత్రంలో తొమ్మిది కారణాలున్నాయి. ఆయన తొమ్మిదింటికీ ఒకేసారి వైద్యం చేశాడు. నీళ్ళు చాలట్లేదేమోనని పొద్దునొక చెంబు, సాయంత్రమొక చెంబు పోశాడు. బలం చాలట్లేదేమోనని డిపోకి శాంపిలుగా వచ్చిన యూరియా గుప్పెడు వేశాడు. దాంతో ఆకు నవనవలాడుతూ వచ్చింది. పక్క ఫ్లాటావిడ రెండు రెబ్బలు కోసుకెళ్ళి, మీ చెయ్యి మంచిదండీ అంది. మట్టి బిగుసుకుందేమోనని స్క్రూడ్రైవరుతో గుచ్చాడు. గుచ్చాక ఫలితం చూసుకోవాలి కాబట్టి రోజూ పొద్దున్నే మొక్కని పైకి లాగి, హిమజ స్కేలుతో వేరు కొలిచి, మళ్ళీ పాతేవాడు.

మొక్క మట్టి బయట ఉన్నంతసేపూ వేరు లెక్కలోకి రాదు. అందుకని రోజూ ఏడూ ఇరవైకి ఇంట్లో ముగ్గురూ ఠక్కున ఆరంగుళాలకి లేచి, రెండు నిమిషాల తర్వాత దిగేవారు.

"నాన్నా! పీకే ముందు చెప్పమన్నానా లేదా? త్రిభుజం ఎక్కడికి పోయిందో చూడు," అని హిమజ గదిలోంచి అరిచేది.

"రెండు నిమిషాలమ్మా. నీకోసమే కదా ఇదంతా."

"ఏవండీ, పోపు చేతిమీద పడింది," అని వంటింట్లోంచి అనంతలక్ష్మి. "కొలిస్తే పెరుగుద్దాండీ వేరు?"

"కొలవకపోతే పెరిగిందని ఎలా తెలుస్తుందే?"

ఫిబ్రవరి ఇరవైకి వేరు ఒకటిన్నర అంగుళానికి దిగింది. హిమజ నిద్రలో కూడా మంచం పట్టె పట్టుకుని పడుకుంటోంది. భాస్కరమూర్తి అన్నం సగంలో లేచి వెళ్ళి కుండీ చూసి వస్తున్నాడు.

చివరికి తోపుడు బండిమీద మొక్కలమ్మే సత్తిబాబుని అనంతలక్ష్మి మేడమీదకి పిలిచింది. అతను మట్టి చిటికెడు తీసి వాసన చూసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"మీరు మొక్కని పెంచట్లేదండి అయ్యగారూ. ఊరేస్తన్నారు. నీళ్ళెల్లే కన్నమేదండి దీనికి?"

అద్దెకి దిగిన వారంలోనే ఆ కన్నం మూసేశారు. కుండీలో నీళ్ళు కింద తన ముగ్గుమీద పడుతున్నాయని ఇంటి ఓనరు కామేశ్వరమ్మగారు అంటే, భాస్కరమూర్తే సిమెంటు కలిపి శుభ్రంగా పూడ్చాడు.

"కన్నం తెరవండి. ఆ తెల్ల గుళికలు మానెయ్యండి. ఆనక మొక్కని ముట్టుకోకండి," అన్నాడు సత్తిబాబు. "మొదటి రెండూ మీరు చేత్తారండి. మూడోదే నాకు డౌటు."

అద్దె ఒప్పందంలో పద్నాలుగో షరతు ప్రకారం ఓనరు అనుమతి లేకుండా ఇంట్లో ఎక్కడా కన్నం పెట్టకూడదు. భాస్కరమూర్తి మెట్లకి నాలుగున్నర అంగుళాల పైనుంచి కిందకి వెళ్ళాడు. కామేశ్వరమ్మగారు వాకిట్లో రెండు పాదాలూ నేలకి ఆన్చి నిలబడి విన్నారు.

"కన్నం తెరిస్తే వేరు పెరుగుద్దంటావ్."

"అవునండి."

"పెరిగితే మీరు ఆనతారు. ఆనినోళ్ళు పొమ్మంటే పోతారా బాబూ? మీ ముందు దిగినోళ్ళకి ఏడంగుళాలు పెరిగింది. వాళ్ళని పెకలించేసరికి నా తాతలు దిగొచ్చేరు."

"పిల్ల పరీక్షలండీ."

"పిల్ల చదువుకి నేనడ్డమొస్తానేటయ్యా, అంత పాపం మూటగట్టుకుంటానా? కాయితం రాసియ్యి."

వేరు ఆరున్నర దాటితే మిగతాది ఓనరు కత్తిరించుకోవచ్చనీ, పదకొండో నెల ఆఖర్న మొక్కని తామే పీకేస్తామనీ భాస్కరమూర్తి రాసిచ్చాడు. సాక్షి సంతకం సత్తిబాబు పెట్టాడు.

మేకుతో సిమెంటు పొడిచేసరికి కుండీలోంచి నల్లటి నీళ్ళు గంటసేపు కారాయి. అనంతలక్ష్మి కింద బేసిను పెట్టింది. ఆ తర్వాత చెయ్యాల్సిన పనల్లా, ఏమీ చెయ్యకుండా ఉండటం. ఇది ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ చేసి ఎరగరు. భాస్కరమూర్తి చేతులు చంకల్లో పెట్టుకుని కుండీ ముందు కూర్చునేవాడు. స్కేలు బియ్యం డబ్బాలో దాచేశారు. ఉండబట్టలేక, హిమజ చదువుకుంటుంటే ఆ పిల్ల పాదాల కింద అగ్గిపెట్టెలు పేర్చి సందు ఎంతుందో చూసుకునేవాడు. పుస్తకాలైతే సరిగ్గా సరిపోయేవి గానీ, పుస్తకాలకి కాళ్ళు తగలకూడదు.

మొదటివారం ఏడు అగ్గిపెట్టెలు పట్టాయి. తర్వాత నాలుగు. తర్వాత ఒకటి కూడా పట్టలేదు.

పరీక్ష సోమవారమనగా, శుక్రవారం సాయంత్రం హిమజ కుర్చీలోంచి లేచి నిలబడి కదలకుండా ఉండిపోయింది.

"అమ్మా," అంది మెల్లగా. "నేల చల్లగా ఉందే."

అనంతలక్ష్మి గరిటె చేత్తో పట్టుకునే వచ్చి పక్కన నిలబడింది. భాస్కరమూర్తి హాల్లోంచి వంటింట్లోకి నడిచి, మళ్ళీ వెనక్కి నడిచాడు. తన అడుగుల చప్పుడు తనకే వినబడింది. ఇంకోసారి నడిచాడు.

"ఎవరయ్యా పైన ఆ చప్పుళ్ళు?" అని కింద నుంచి కామేశ్వరమ్మగారు కేకేశారు.

శనివారం పది గంటలకి ధ్రువపత్రం రాయడానికి వేళ్ళ ఇన్‌స్పెక్టరు నూకరాజు వచ్చాడు. ఆయన పూర్తిగా ఆరంగుళాల ఎత్తున ఉన్నాడు. ఆయనకి ఏడాదికో బదిలీ, గింజ మొలిచేసరికి ఆర్డరు వచ్చేస్తుంది. కాఫీ తాగి, ఫైలు తెరిచి, కుండీ ఎక్కడుందన్నాడు.

"ముగ్గురం ఆనే ఉన్నాం కదండీ, కనబడుతూనే ఉంది," అన్నాడు భాస్కరమూర్తి. "మళ్ళీ పీకడం ఎందుకండీ?"

"కాళ్ళు చూసి రాయమని రూల్లో లేదండి. వేరు కొలిచి రాయాలి."

నూకరాజు మొక్కని అనుభవంగా, ఒక్క గుంజులో లాగాడు. ముగ్గురూ ఆరంగుళాలు లేచారు. ఆయన బకెట్లో వేరు కడిగి, బల్లమీద పరిచి, ఆరుంపావు అని రాసుకున్నాడు. తర్వాత జేబులోంచి బ్లేడు తీసి వేరుని మొదలుకంటా కోశాడు.

"అయ్యో, అదేంటండీ!" అంది అనంతలక్ష్మి.

"రుజువు కావాలి కదమ్మా. ఆడిట్లో ఎక్కడుందని అడుగుతారు." వేరుని దారంతో ఫైలుకి కుట్టి, పైభాగం ఆవిడ చేతికిచ్చాడు. "ఆకు మీరు వాడుకోవచ్చు. దానికి రూలేమీ లేదు."

'పై కుటుంబము నేలకు ఆని యున్నది' అని రాసి, సీలు వేసి, పత్రం చేతికిచ్చాడు. ఇప్పుడు అందరూ ఒకే ఎత్తులో ఉన్నారు కాబట్టి ఆయన వంగనవసరం లేకపోయింది.

"కానీ మేం లేచిపోయాం కదండీ," అన్నాడు భాస్కరమూర్తి. "సోమవారం పిల్లని హాల్లోకి రానిస్తారా?"

"పత్రం ఉందా లేదా?"

"ఉందండి."

"ఇంకేంటండి బాబూ మరి. పొద్దుట్నుంచి మీది పదకొండో ఇల్లు. అందర్నీ ఆన్చేసే వస్తన్నాను," అన్నాడు నూకరాజు, ఫైలు సంచిలో పెట్టుకుంటూ.

సోమవారం స్కూలు గేటు దగ్గర పత్రం చూశారు, నంబరు సరిపోల్చారు, హిమజని లోపలికి పంపారు. గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డ తల్లిదండ్రుల్లో ఒకాయన భాస్కరమూర్తికి చోటిచ్చి, ఇంటరుకి ఎనిమిదంగుళాలు అడుగుతున్నారటండీ, ఏం గింజ వేస్తున్నారు అని అడిగాడు. ఇంకా అనుకోలేదండి అన్నాడు భాస్కరమూర్తి. అప్పుడే భాస్కరమూర్తికి ఇంటరు కంగారు మొదలైంది.

హాల్లో నలభైమంది పిల్లలున్నారు. నలభైమంది దగ్గరా పత్రాలున్నాయి. మార్చి ఎండ కిటికీలమీద పడుతోంది. మాస్టారు వరసగా కిటికీలన్నీ మూయించి, ఫ్యాన్లు ఆపించి, బోర్డు దగ్గరికి వచ్చారు.

"ఎడంచేత్తో బెంచీ పట్టుకోండి. కుడిచేత్తో రాయండి," అన్నారు. "అడిషనల్ షీటు కావాలంటే ఎవరూ చెయ్యెత్తద్దు. నోటితో అడగండి, నేనే వస్తాను."

హిమజ బెంచీ అంచు బిగించి పట్టుకుని, హాల్‌టికెట్ నంబరు వెయ్యడం మొదలుపెట్టింది.