కోపం తిన్న గుంత

ఆ రోజు ఏమైనా సరే కోపం తెచ్చుకోకూడదని వంటమాస్టరు లేస్తూనే గట్టిగా అనుకున్నాడు. మిగులు తిండి నుంచి పొయ్యికి గ్యాస్ ఇచ్చే గుంతల్ని పరీక్షించడానికి పదింటికి నిపుణురాలు వస్తుంది. హాస్టల్ వెనకున్న రెండు గుంతల్లో బాగా పనిచేసేది ఒక్కటే ఉంచుతారట. మొదటిది మేనేజరుది. కాటా పెట్టి రోజూ సరిగ్గా ఇరవై కిలోల మిగులు తిండి వేయిస్తాడు. రెండోది మాస్టరుది. దానికి ఒకరోజు పొంగిపొర్లేంత, మూడు రోజులు పస్తు. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం మాస్టరు బావమరిదిది. గుంత మూస్తే ఆ ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే బావమరిది పొద్దస్తమానం మాస్టరు ఇంట్లో, మాస్టరు మంచం మీదే ఉంటాడు. ఆ తలపుకే మాస్టరుకు ఒళ్లు మండిపోయింది.

ఎనిమిదిన్నర అయింది. రెండు వందల మంది తినాల్సిన చోట తొమ్మిది మంది కూర్చున్నారు.

"మిగతా వాళ్లేరి?"

"తెల్లారకముందే టూరుకెళ్లారు బావా. నీకు చెప్పమని మేనేజరు గారు నిన్ననే అన్నారు."

"మరి ఏడవలేదేంరా?"

"నిన్నంతా నువ్వు కోపంగా ఉన్నావు కదా! చల్లబడ్డాక చెబుదామని..."

"నేను చల్లబడేదెప్పుడు, నువ్వు చెప్పేదెప్పుడు! ఇప్పుడీ వండిందంతా నీ నెత్తిన పొయ్యనా?"

"గుంతలో పోసెయ్యనా?"

"పొయ్యి!"

"ఏ గుంతలో బావా?"

"రెండిట్లోనూ పొయ్యి! వెనకే నువ్వూ దూకు!"

దూకడం ఒక్కటి తప్ప బావమరిది చెప్పింది చెప్పినట్టే చేశాడు.

అతను ఖాళీ గిన్నెలతో తిరిగొచ్చేసరికి ఫోనొచ్చింది. నిపుణురాలు ఇవాళ రాదు, నాలుగు రోజుల తర్వాత వస్తుంది. మాస్టరు గరిటె తీసి గోడకేసి కొట్టాడు. "ఆవిడొచ్చేదాకా నా గుంతలో ఒక్క మెతుకు పడిందో, చూడు!"

మర్నాడు మేనేజరు గుంత గ్యాస్‌తో వెలిగే పొయ్యి మీద మంట చిక్కిపోయింది. ముందురోజు తన గుంతలో ఏం పడిందో అతనికి తెలియదు. గుంతకు ఆకలేమోననుకుని పక్క మెస్ నుంచి తెప్పించి ఇంకో పది కిలోలు వేయించాడు. మంట ఇంకా చిక్కింది. ఇంకో ఇరవై వేయించాడు. మూడో రోజుకి పుల్లటి కంపు కొట్టింది. బావమరిది అసలు సంగతి చెప్పబోతే, "ముందు నీ గుంత ఏడుపు నువ్వు ఏడువు!" అని కసిరి పంపాడు.

నిపుణురాలు వచ్చిన రోజున మేనేజరు పొయ్యి పది అగ్గిపుల్లలకీ వెలగలేదు. మాస్టరు పొయ్యి ఒక్క పుల్లకే నీలంగా భగ్గుమంది.

ఆవిడ రెండు గుంతల నీళ్లూ పరీక్షించింది. జరిగిందంతా అడిగి తెలుసుకుంది. "లోపల గాలి తగలకుండా బతికే సూక్ష్మజీవులుంటాయండీ. ఒక జట్టు తిండిని పులియబెడుతుంది. ఇంకో జట్టు ఆ పులుపు తిని గ్యాస్ వదుల్తుంది. కొలిచి పెట్టిన చోట ఆ రెండో జట్టు కొలత మేరకే పెరిగింది. ఒక్కసారిగా మీద పడేసరికి పులుపు తినలేక చతికిలబడింది. ఈ గుంతలో వాటికి విందూ పస్తూ రెండూ అలవాటే, తట్టుకున్నాయి. ఇంత బాగా తర్ఫీదిచ్చిందెవరు? ఏ పద్ధతిలో?"



"పద్ధతేం లేదు మేడమ్," అన్నాడు బావమరిది. "మా బావకి కోపమొస్తే ఉన్నదంతా కుమ్మరిస్తాం. ఇంకా కోపమొస్తే అసలేం వెయ్యం."

మాస్టరు గుంత నిలిచింది. బావమరిది ఉద్యోగం పర్మనెంటయింది. అతని విధుల్లో 'వారానికి రెండుసార్లు వంటమాస్టరుకు కోపం తెప్పించుట' అని కొత్తగా చేర్చారు. అందుకు అతనికి శిక్షణేమీ అవసరం లేదని కిందే రాశారు.