పక్కవాటాలో పెట్టబోయి నట్టింట్లో పెట్టాను

నవ్వకుండా వింటానంటేనే చెబుతాను. ఒక ఆదివారం మధ్యాహ్నం సంగతిది.

మా ఆవిడ కర్టెన్లు కుడుతుంది. కుట్టడమే కాదు, నేర్చుకుని సొంతంగా వెబ్‌సైటు కూడా కట్టుకుంది. ఆర్డర్లన్నీ దాంట్లోంచే వస్తాయి. నేను గ్రంథాలయంలో పుస్తకాలు సర్దుతాను. తీరిక దొరికితే, ఆవిడకు తెలియకుండా ఆవిడ మీదే రాస్తాను. 'ఒక భర్త వాంగ్మూలం', పన్నెండు అధ్యాయాలు.

నా కష్టాలు నలుగురూ చదవాలి. ఆ నలుగురిలో ఆవిడ ఉండకూడదు. దారేమిటని మా గ్రంథాలయం బైండరును అడిగాను. తనకు తెలియనిది లేదంటాడు కాబట్టి అతన్ని సర్వజ్ఞుడంటాం.

"అమ్మగారి సైటుకే ఒక సబ్‌డొమైన్ పెట్టేయండి గురువుగారూ. ఇంటికి పక్కవాటా లాంటిది. గుమ్మం వేరు, పేరు వేరు. ఆవిడకి తెలియనే తెలియదు."

"ఇంట్లోనే నాకు వాటా లేదు, పక్కవాటా ఎవరిస్తారయ్యా?"

"పాస్‌వర్డ్ ఉంటే చాలు."

పాస్‌వర్డ్ ఆవిడ కొలతల పుస్తకం అట్ట వెనక ఉంది.

ఆదివారం ఆవిడ ముందుగదిలో కుట్టుమిషన్ దగ్గర, నేను పడకగదిలో కంప్యూటరు దగ్గర. మిషన్ టకటకలాడినంతసేపూ నా ప్రాణానికి ఢోకా లేదు. ఆగిందంటే ఆవిడ లేచిందన్నమాటే.

సబ్‌డొమైన్ తయారైంది. దాని పేరిట ఓ ఖాళీ ఫోల్డరు వచ్చింది. ఆ ఫోల్డరు తెరిచి నా ఫైళ్ళు, ఫోటోల ఫోల్డరు అందులోకి ఎక్కించాలి, అంతే. ఎక్కించాను.

'ఇదే పేరుతో ఫైలు ఉంది. దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా?' అని అడిగింది కంప్యూటరు. ఖాళీ ఫోల్డరులో ఫైలెక్కడిదని అనుమానం రావాలి కదా? రాలేదు. మా ఇంట్లో నన్ను అంత మర్యాదగా అడిగేవాళ్ళు లేరు. ఆ సంతోషంలో 'సరే' నొక్కాను.

పక్కవాటా తెరిచి చూస్తే బోసిగా ఉంది. ఆవిడ సైటు తెరిచాను. కర్టెన్లు ఉండాల్సిన చోట ఇంత లావు అక్షరాలు: 'ఒక భర్త వాంగ్మూలం. మొదటి అధ్యాయం: నేను చిక్కిన వల.'

పక్కవాటా ఫోల్డరు తెరవకుండా, ఆవిడ సైటు ఫోల్డరులోకే ఎక్కించేశానన్నమాట. పాతికేళ్ళుగా ఏ పుస్తకం ఏ బీరువాలోదో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి, నా పుస్తకాన్ని మాత్రం నట్టింట్లో పెట్టాను!

ఒళ్ళంతా చెమట. సర్వజ్ఞుడికి ఫోన్ చేశాను.

"కొంప మునిగిందయ్యా!"

"కంగారెందుకు? ఎక్కించినవి తీసేయండి."

తీసేశాను. కంగారులో నావేవో ఆవిడవేవో తెలియలేదు. తెల్లటి పేజీ మీద 'మీరు వెతుకుతున్నది ఇక్కడ లేదు' అని వచ్చింది.

"అన్నీ పోయాయి."

"అయితే మీరు కూడా ఇంట్లోంచి పోండి గురువుగారూ," అని పెట్టేశాడు.

అప్పుడు ముందుగదిలోంచి ఆవిడ గొంతు వినిపించింది. "ఏమండీ! హోటల్ మేనేజరమ్మ నాలుగింటికి మన సైటు చూస్తానంది. నలభై గదుల కర్టెన్లు! ఇంకా ఫోన్ చేయలేదేమిటి?"

గడియారం చూశాను. నాలుగుంబావు. రెండేళ్ళుగా ఆవిడ ఎదురుచూస్తున్న పని.

మిషన్ ఆగింది. టకటక మాత్రం ఆగలేదు. అది నా గుండె.

"ముఖం అలా పాలిపోయిందేమిటి?" అంది గుమ్మంలో నిలబడి.

"ఉక్కగా ఉంది."

"నెత్తిమీద ఫ్యాను తిరుగుతుంటేనా?"

ఆవిడ చూపు తెర మీద పడింది. ఇక దాచి లాభం లేదని మొదటినుంచి చివరిదాకా కక్కేశాను. ఆవిడ నన్ను లేపి తను కూర్చుంది. పెన్‌డ్రైవ్ పెట్టి పది నిమిషాల్లో కర్టెన్లన్నీ వెనక్కి తెచ్చింది.

"నకలు ఉందా?" అన్నాను నీరసంగా.

"ఇంట్లో మీరున్నారుగా. రోజూ తీసి పెట్టుకుంటా." నా చేతికి ఫోన్ ఇచ్చింది. "మేనేజరమ్మకి మీరే చెప్పుకోండి."

"అమ్మా, ఇందాక మీరు చూసింది..."

"వాంగ్మూలమేనా? ఆ భర్త మీరేనా?"

"...అవునండీ."

"కర్టెను అరంగుళం వంకర పోయిందని ఏడుసార్లు విప్పించిందా ఆవిడ? మీరు నిచ్చెన మీద నిలబడి ఏడ్చారా?"

"ఏడవలేదండీ. కళ్ళు చెమర్చాయంతే."

"నాకు అలాంటి మనిషే కావాలి. శ్రద్ధగా కుడతామని అందరూ అంటారు, సాక్షి మాత్రం ఒక్కడూ ఉండడు. నలభై గదులూ ఆవిడకే అని చెప్పండి."

ఫోన్ పెట్టేసరికి నా ఛాతీ కాస్త పొంగింది. "చూశావా, నా రాత వల్లే!"

"కాదన్నానా?" అంటూ ఆవిడ పక్కవాటా ఫోల్డరు తెరిచి, నా పన్నెండు అధ్యాయాలనూ దగ్గరుండి అందులోకి ఎక్కించింది. పేరు మాత్రం మార్చింది: 'మా పనితనం: ప్రత్యక్ష సాక్షి మాటల్లో.' ఆ వెంటనే పాస్‌వర్డ్ కూడా మార్చింది.

"ఇక లేవండి. పదమూడో అధ్యాయానికి సరుకు కావద్దూ? నిచ్చెన తీయండి, నలభై గదులున్నాయి."