లావుపాటి అవకాశం

ఆ ఉదయం కుట్టు అత్తయ్య పెట్టుకున్న పని ఒక్కటే, బడిపిల్లల చొక్కాలకు బొత్తాలు కుట్టడం. వీధంతా ఆమెను అలాగే పిలిచేది. నాటకశాల తెర చిరిగిపోయిందని వినగానే సూది అక్కడే వదిలేసి, మెడలో టేపుతో బయలుదేరింది. ఇరవై ఏళ్లుగా చొక్కాలే కుట్టిన ఆ చేతులకు ఒక్కసారైనా పెద్ద గుడ్డ పట్టాలని ఆశ.

అడక్కుండానే వేదికెక్కి కొలతలు తీసుకుంది. మేనేజరు పకపకా నవ్వాడు.

"నాలుగు రోజుల్లో, ఒక్క మిషన్ మీద, ఇంత తెరా? ఫ్యాట్ ఛాన్స్ అమ్మా!"

ఇంటికొచ్చి ఆ మాటకు అర్థమేంటని భర్తనడిగింది. ఆయన రిటైరైన పోస్ట్‌మాన్. ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చిరునామాలు చదివిన ధీమా ఉంది.

"ఫ్యాటంటే లావు. లావుపాటి అవకాశం! పని నీ చేతిలో పెట్టినట్టే."

ఇంకేం కావాలి? కొత్త మిషన్ కోసం దాచుకున్నదంతా పెట్టి గుడ్డ కొనేసింది. వంట భర్తకు అప్పజెప్పింది. తెర మూడు గదులూ నింపేసి, మెట్ల మీదుగా కిందింటి గుమ్మం దాకా పాకింది. కిందింటాయన కిటికీలోంచి కేకేశాడు.

"అత్తయ్యా, తలుపు తెరుచుకోవట్లేదు! నేను ఆఫీసుకెళ్లాలి!"

"ఆ అంచు కాస్త పట్టుకో నాయనా, తొందరగా అయిపోతుంది."

ఆయన సెలవు పెట్టాడు. మూడో రోజుకు వీధిలో సగంమంది ఆమె గీసిన గీత మీద కుడుతున్నారు. వంకరపోయిన ప్రతి కుట్టునూ ఆమె నవ్వుతూనే విప్పించింది.

నాలుగో రోజు తొమ్మిదిమంది తెరను భుజాలకెత్తుకుని నాటకశాలకు నడుస్తుంటే, ఎవరో పోయారనుకుని జనం పక్కకు తప్పుకున్నారు. ఒక పెద్దాయన తల వంచి నిలబడ్డాడు కూడా.

మేనేజరు నెత్తి పట్టుకున్నాడు. "అయ్యో, ఫ్యాట్ ఛాన్స్ అంటే కుదిరే పని కాదని! వెటకారమమ్మా అది! కంపెనీ నుంచి తెర తెప్పించేశాం!"

అత్తయ్య భర్త వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశాడు.

"పోనీ, స్లిమ్ ఛాన్స్ అంటే?" అన్నాడు ఆఖరి ఆశతో.

"అదీ దాదాపు లేనట్టే."

"లావన్నా లేదు, సన్నమన్నా లేదు! మరి ఉంటే ఏమని ఏడుస్తారండీ?" అన్నాడాయన.

అంతలో పనివాళ్లు కంపెనీ తెర వేలాడదీశారు. అది మోకాలెత్తున ఆగిపోయింది. వేదిక పైకప్పు ఎత్తు పెంచి ఏడాదైనా, మేనేజరు పాత కాగితంలోని కొలతలే పంపాడు. ఆటకింకా మూడు గంటలే ఉన్నాయి.

"మీ తెర ఎత్తెంతమ్మా?" అన్నాడు నీరసంగా.

"మీరు నవ్వుతుంటే కొలిచానే, అంత."

దాని స్థానంలో కట్టిన అత్తయ్య తెర జారి నేలను తాకింది. వెంట్రుకవాసి తేడా లేదు. మేనేజరు ముందు వరుసలో ఆమెకు కుర్చీ వేశాడు.

ఆ సాయంత్రం నాటకం ఎవరికీ నచ్చలేదు గానీ, తెర పడగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది.