షమ్మాస్ భవనం క్షేమంగా ఉంది

నాకు అన్నిటికన్నా పెద్ద భయం మా పడకగది గోడ పడిపోతుందని. లోపలికి పడితే మా సల్మా ఉయ్యాల మీద, బయటికి పడితే బయ్యూమీ బాబాయి కుర్చీ మీద. ఉయ్యాలని వంటింట్లోకి జరిపాను. కుర్చీని జరపడానికి మాత్రం నిబంధనలు ఒప్పుకోవట.

ఆ గోడకి ఆనుకునే, అలెగ్జాండ్రియా నడిబొడ్డున, షమ్మాస్ భవనం ఉండేది. పత్తి వ్యాపారి ఒకాయన ఐదంతస్తులకి అనుమతి తీసుకుని ఎనిమిది కట్టాడు. కింద టోపీల దుకాణం. జనం టోపీలు మానేశాక బూట్ల దుకాణం. పైన పళ్ళ డాక్టరు, ఆ పైన ఒకరి మీద ఒకరు కేసులు వేసుకునే ముగ్గురు వకీళ్ళు. ఊరంతా దాన్ని మన వైభవం అనేది. సున్నం మాత్రం ఎవరూ వేయించలేదు. బాబాయి నలభై ఏళ్ళుగా దాని వాచ్‌మన్.

కిందటి శీతాకాలం కూల్చివేత ఉత్తర్వు వచ్చింది, ఐదంతస్తులకి. పై మూడూ కాగితాల్లో లేవు. లేనివాటిని కూల్చడం నేరం. చట్టమంటే గౌరవమున్న కంట్రాక్టరు ముందుగా ఆ మూడింటినీ సక్రమం చేయమని దరఖాస్తు పెట్టాడు. గౌరవించడం అయిపోయింది గనక ఎనిమిదీ కూల్చేశాడు. రెండు నెలలకి ధ్రువపత్రం వచ్చింది: భవనం ఎనిమిదంతస్తులతో దృఢంగా ఉంది, వ్యాపారానికి యోగ్యం.

దృఢమైన భవనానికి వాచ్‌మన్ తప్పనిసరి. అందుకని బాబాయి, భవనం పోయి మిగిలిన గుంత ఒడ్డున, మా గోడ కిందే కుర్చీ వేసుకుని డ్యూటీ చేస్తున్నాడు. నేను బాల్కనీలోంచి తాడుతో బుట్ట దించి ఉడికించిన చిక్కుడుగింజల ఫూల్, రొట్టె పంపేదాన్ని. మొన్న పళ్ళ డాక్టరు కోసం వచ్చిన ముసలావిడకి లిఫ్టు పనిచేయడం లేదని చెప్పి పంపించాడు. అబద్ధమనలేం.

గోడ బీటలో నా చెయ్యి దూరుతోందని అర్జీ పెట్టుకుంటే ఇంజనీరు వజీహ్ గారు వచ్చి, ఫైలంతా శ్రద్ధగా చూశారు.

"చూడమ్మా, మీ గోడకి ఎనిమిదంతస్తుల ఆసరా ఉంది. బీట పడే అవకాశమే లేదు."

"ఆసరా ఎక్కడుందండీ?"

"ఇదిగో, మూడో పేజీలో."

ఇక బాబాయినే బతిమాలాను, ఆ కుర్చీ కాస్త అవతల వేసుకోమని.

"నలభై ఏళ్ళలో ఒక్కరోజు సెలవు పెట్టి ఊరెళ్ళాను, సల్మా వాళ్ళమ్మా," అన్నాడు. "వచ్చేసరికి ఏం చేశారో చూశావుగా."

ఆదివారం పిల్లని తీసుకుని టాంటాలో మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఇప్పుడు బాబాయికి బుట్ట దించేవాళ్ళు లేరు. పోయిన వైభవం మీద వ్యాసాలు రాయడానికి పత్రికలవాళ్ళు మీరంతా ఆ గుంత దగ్గరికి రోజూ వెళ్తున్నారు. మీ ఫొటోలన్నీ చూశాను, ఒక్కదాంట్లోనూ బాబాయి లేడు. చరిత్రకి అడ్డమని తప్పించి తీస్తున్నట్టున్నారు. ఈసారి వెళ్ళినప్పుడు ఆ కుర్చీలో మనిషి ఉన్నాడో లేడో ఒక్కసారి చూసి చెప్పండి.