ముఖం కనపడని పేకాట

ఆ శనివారం ఉదయం తిబుర్సియో వేసుకున్న పథకం చిన్నదే. భార్య కాన్సింగ్ బతాంగాస్‌లోని చెల్లెలింటి నుంచి తిరిగొచ్చేలోగా ఫోన్‌లో పోకర్ ఆడడం మొదలుపెట్టాలి. "ఈ ఇంట్లో పేకముక్క కనిపించిందంటే నేను కనిపించను" అని ఆవిడ కిందటేడు గట్టిగా చెప్పి ఒట్టు వేయించుకుంది. ఫోన్‌లో ఉండేవి ముక్కలు కావు, బొమ్మలు. ఓడల కంపెనీలో గుమాస్తాగా రిటైరైన మనిషికి ఆ మాత్రం లా పాయింటు తట్టకపోదు.

ఆటలో అతని శత్రువు అతని ముఖమే. వాళ్ళ ఊరు మలబోన్‌లో ఎవరు పోయినా ఆ ఇంట్లో జాగారం పేరుతో పేకాట వేస్తారు. ప్రతి ఆటలో కొంత తీసి, ఇంటివాళ్ళ ఖర్చులకని డబ్బాలో వేస్తారు. తిబుర్సియో తప్పిపోయిన జాగారం లేదు, గెలిచిన జాగారమూ లేదు. మంచి ముక్క పడితే చాలు, అతని చెవులు రెండూ వాటంతటవే పైకి లేస్తాయి. "బావ చెవులు లేచాయిరోయ్!" అని బావమరిది ఫెర్మిన్ అరుస్తాడు, అందరూ ముక్కలు పడేస్తారు. చచ్చేలోగా ఒక్కసారైనా ఫెర్మిన్‌ను ఓడించాలని అతని కోరిక. ఫోన్‌లో నేర్చుకుంటే చెవులు ఎవరికి కనిపిస్తాయి?

యాప్ పేరు అడిగింది, పుట్టిన తేదీ అడిగింది, ఆ తర్వాత ముఖం అడిగింది. "ముఖం దాచుకుందామని వస్తే మొదటే ముఖం చూపించమంటారేమిట్రా!" అని విసుక్కున్నాడు. వెనక తెల్లగా ఉండాలిట, వెలుతురు బాగుండాలిట. సొంతంగా తీసుకుంటే ఎన్నిసార్లు తీసినా సగం తలే పడింది.

సరే, పద్ధతిగా చేద్దామని పెళ్ళిళ్ళకు వేసుకునే బరోంగ్ చొక్కా తొడుక్కుని, సందు చివరి స్టూడియోకి వెళ్ళాడు. ఆ వయసు మనిషి బరోంగ్ వేసుకుని తెల్లతెర ముందు కూర్చుంటే ఆ ఫోటో దేనికో స్టూడియో ఆవిడకు తెలుసు. ముందుచూపున్న పెద్దలు చాలామంది పోకముందే అలా తీయించి ఉంచుకుంటారు. అడక్కుండానే పెద్దది చేసి, నల్ల ఫ్రేము కట్టి ఇచ్చింది.

"చాలా ప్రశాంతంగా వచ్చారండీ" అంది. తిబుర్సియో మురిసిపోయాడు.

ఇంటికొచ్చి ముందుగదిలో తెల్లదుప్పటి కట్టి, బల్లమీద ఫోటో నిలబెట్టాడు. వెలుతురు చాలలేదు. మేనల్లుడు పనిచేసేది చావుసామాను అద్దెకిచ్చే దుకాణంలో. అక్కణ్ణుంచి శవప్పెట్టె పక్కన నిలబెట్టే రెండు నిలువు దీపాలు తెచ్చి అటూ ఇటూ పెట్టాక ఫోటో ధగధగలాడింది. ఆ ఫోటోకు ఫోన్‌తో మళ్ళీ ఫోటో తీసి పంపాడు. "పరిశీలిస్తున్నాం. ఈలోగా ఉత్తుత్తి చిప్స్‌తో సాధన చేయండి" అని జవాబొచ్చింది. తిబుర్సియో పడగ్గదిలో దూరి, గడియ పెట్టుకుని, పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు.

కిటికీలోంచి ముందుగా చూసింది ఎదురింటి బెబాంగ్. "అయ్యయ్యో, తిబుర్సియో పోయాడు!" అని వీధంతా వినపడేలా గొల్లుమంది.

ఫెర్మిన్ పరిగెత్తుకొచ్చాడు. "మరి శవప్పెట్టె ఏదీ?"

"దీపాలొచ్చాయిగా, పెట్టె వెనకాలే వస్తుంది. శనివారం కదా, దుకాణంలో రద్దీ" అంది బెబాంగ్.

ఫెర్మిన్ బావ నంబరుకు ఫోన్ చేశాడు. ఆట మధ్యలో ఎవడ్రా అని తిబుర్సియో కట్ చేశాడు.

"చూశారా, ఫోన్ ఆస్పత్రివాళ్ళ దగ్గరే ఉండిపోయింది!" అని ఫెర్మిన్ కళ్ళు తుడుచుకున్నాడు.

కాసేపట్లో కాఫీ, బిస్కెట్లు, అరువు కుర్చీలు వచ్చాయి. వాటి వెనకే పేకముక్కలు, డబ్బా వచ్చాయి. "బావ చెవులు గుర్తొస్తుంటే ముక్కలు కనపడ్డం లేదర్రా" అంటూనే ఫెర్మిన్ చకచకా పంచాడు.

కాన్సింగ్ సంచీతో గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆట రసపట్టులో ఉంది. ఆవిడ భర్త ఫోటో చూసింది, దీపాలు చూసింది, సంచీ వదిలేసి కూలబడింది. "పేకాట వద్దని ప్రాణం తోడేశానే! ఒక్కసారి తిరిగి రా తిబుర్, ఈ బల్లమీదే ఆడుకో, నేనే పక్కన కూర్చుని కాఫీ పోస్తా!" అని ఏడ్చింది. ఏడాదిగా ఒక్క మంచిమాట అనలేదని గుర్తొచ్చి మరింత ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే పడగ్గది తలుపు దభాల్న తెరుచుకుంది.

"అందర్నీ లేపేశాను!" అని బరోంగ్ చొక్కాలో తిబుర్సియో రెండు చేతులూ పైకెత్తి బయటికొచ్చాడు. బెబాంగ్ కాఫీతో సహా వెల్లకిలా పడింది. ఫెర్మిన్ బల్లకింద దూరాడు. కాన్సింగ్ పరిగెత్తుకెళ్ళి భర్తను కావలించుకుంది, బతికే ఉన్నాడని తేలాక వీపుమీద ఒక్కటిచ్చింది.

"ఇంట్లో పేకముక్కలేంటి?"

"నేను తేలేదు. మీ తమ్ముడు తెచ్చాడు."

"అక్కా, అందరి ముందూ మాటిచ్చావు" అంది బెబాంగ్, నేలమీంచే. కాన్సింగ్ కాసేపు పళ్ళు కొరికి, "సరే, కూర్చో. ఆడు" అంది.

తిబుర్సియో కూర్చుని ముక్కలెత్తాడు. రెండు ఆసులు! చెవులు నిక్కపొడుచుకున్నాయి. కానీ కంగారులో హెడ్‌ఫోన్లు తీయడం మరిచిపోయాడు. ఫెర్మిన్ ఎంత పరకాయించి చూసినా చెవులు కనపడలేదు. బావ దగ్గర ఏమీ లేదనుకుని ఉన్నదంతా బల్లమీదికి తోశాడు. ఆసులు చూసి నోరు తెరిచాడు. తిబుర్సియో ఆనందం పట్టలేక తన ఫోటోనే ముద్దు పెట్టుకున్నాడు.

కాన్సింగ్ డబ్బా తీసుకుంది, భర్త గెలిచిన కుప్ప కూడా అందులోకే ఊడ్చింది. "చావింటి సొమ్ము ఇంటివాళ్ళదేగా" అంది.

ఇంతలో తిబుర్సియో ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆవిడే పైకి చదివింది: "మీరు పంపిన ఫోటోలోని వ్యక్తి సజీవంగా ఉన్నట్టు నిర్ధారణ కాలేదు. ఖాతా తెరవలేము."

బతికే ఉన్నాడని వీధి వీధంతా ఒప్పుకున్నా, ఆ కంపెనీ లెక్కలో మాత్రం తిబుర్సియో ఇప్పటికీ పోయినవాడే.