పదకొండు మంది బిడ్డల తల్లి

ఒక పెద్ద అడవిలో కాలిబంతి ఆట చిన్నది, కాలిబంతి సంఘం పెద్దది. ఆటకి పదకొండు మంది చాలు. సంఘానికి ఉపాధ్యక్షులే పద్నాలుగు మంది.

జట్టులో ఏ జంతువైనా ఆడవచ్చని నియమావళిలో రాసి ఉంది. కానీ ఆడేవన్నీ అడవిపందులే. ఎందుకంటే అధ్యక్షుడు కోరల భూపతి అడవిపంది.

ఆ ఏడు ఏటవతలి అడవిలో పిల్లల పోటీ పెట్టారు. ఏడాది నిండనివాళ్ళే ఆడాలి. చుట్టుపక్కల నాలుగడవుల్లో గెలిచిన జట్టు సముద్రం దాటి దీవుల్లో జరిగే పెద్ద పోటీకి వెళుతుంది.

ఆ మాట చెవిన పడ్డప్పటినుంచి రేగడికి కాలు ఒకచోట నిలవలేదు. రేగడి ఎనిమిది నెలల ఆడపంది పిల్ల. దానికి ఆట నేర్పినవాళ్ళు లేరు. వాగు ఒడ్డున ఎండిన సొరకాయని తన్నీ తన్నీ తనే నేర్చుకుంది. ఈ పోటీ తప్పితే వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది.

తెల్లారగానే సంఘం ఆఫీసుకెళ్ళింది. మద్దిచెట్టు తొర్రలో గుమాస్తా ఉడుము ఫైలు కరుచుకుని కూర్చున్నాడు.

"పేరు రాయించుకోవాలండీ."

ఉడుము తలెత్తి ఆమె వీపు చూశాడు. "చారలేవి?"

పందిపిల్లలకి పుట్టినప్పుడు వీపు మీద చారలుంటాయి, కొన్ని నెలలకి చెరిగిపోతాయి. రేగడివి ఈమధ్యే చెరిగాయి.

"పోయాయండీ. ఏడాదికి ఇంకా నాలుగు నెలలుంది. నా పుట్టుక మీ పుస్తకంలోనే ఉంది, చూడండి."

"పుస్తకంలో ఉన్నది చూడాలా, కంటికి కనబడేది చూడాలా అన్నది వచ్చినవాళ్ళని బట్టి ఉంటుందమ్మా. నీకు కంటికి కనబడేది." ఆకు మీద 'పెద్దది' అని ముద్ర గుద్ది ఇచ్చాడు.

అంతలో అధ్యక్షుడి కొడుకు చిన్నబాబు వచ్చాడు. నాలుగేళ్ళవాడు. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు. వెనక అదే ఈడు స్నేహితులు పదిమంది. అందరి కోరలూ బండకేసి అరగదీసి ఉన్నాయి. కోచ్ కొండముచ్చు సుద్దమట్టి పట్టుకుని వాళ్ళ వీపుల మీద చారలు గీస్తున్నాడు.

"మరి చిన్నబాబుకి పుస్తకంలో ఎంతుందండీ?" అంది రేగడి.

"నాలుగు. నేను అంకెలు మార్చే రకం కాదు," అన్నాడు ఉడుము నొచ్చుకుంటూ. "ఏళ్ళని నెలలు చేశానంతే."

వారం తిరక్కుండా ఏటవతలినుంచి కాకి కబురు తెచ్చింది. 'నాలుగు నెలల పసికందుల జట్టుని పంపుతున్నందుకు చాలా సంతోషం. అయితే పాలు మరవని పిల్లలు తల్లి లేకుండా ఏరు దాటరాదు.'

భూపతి తల్లి కోసం వేటలో పడ్డాడు. చిన్నబాబు తల్లి కిందటేడే పోయింది. ఇంకొకడి తల్లి దగ్గరికెళ్తే, "మునిమనవల్ని ఎత్తుకునే వయసులో వీడికి నేను పాలివ్వాలా? సిగ్గులేకపోతే సరి," అని తరిమింది.

అప్పుడు ఉడుము ఫైలు వదిలి నోరు తెరిచాడు. "అయ్యా, పెద్దదని మనం ముద్ర వేసిన ఆడపంది ఒకటుంది. పందికి ఒక్క ఈతలో పదకొండు పుట్టడం మామూలే కదండీ."

రేగడిని పిలిపించారు.

"అమ్మడూ, జట్టుకి తల్లిగా రావాలి నువ్వు," అన్నాడు భూపతి.

"నేను ఆడాలండీ."

"ఆడుదువుగాని. ఎవడికి కాలు బెణికినా ఆ చోటు నీదే. ముందు ఏరు దాటాలా వద్దా?"

ఆ మాటలో అబద్ధం వాసన రేగడికి తగిలింది. ఏటవతలి పచ్చిక వాసన అంతకంటే గట్టిగా తగిలింది. సరేనంది.

రేవు దగ్గర కాగితాలు చూసేది ఏనుగు పెద్దమ్మ. రేగడిని చూసి ఆమె తొండంతో దాని వీపు నిమిరింది. "ఒక్క ఈతలో పదకొండా తల్లీ? వాళ్ళు నీకు రెండింతలున్నారే. నీ తిండంతా వాళ్ళే తింటున్నట్టున్నారు."

"అంతేనండీ," అంది రేగడి. అది మాత్రం నిజమే.

"మా దగ్గర ఒక పద్ధతుంది. పసిపిల్లలు ఆడాలా పడుకోవాలా అన్నది తల్లి చెప్పాలి. అధ్యక్షులు కాదు."

భూపతి ఇకిలించాడు.

మొదటి ఆట కొండ అడవితో. వాళ్ళు నిజంగానే పిల్లలు. చిన్నబాబు జట్టు తొమ్మిది గోల్స్ కొట్టింది. తొమ్మిదో గోల్‌కి అడ్డొచ్చిన కొండగొర్రె పిల్లని చిన్నబాబు భుజంతో గుద్దితే దాని కాలు విరిగింది.

దాని తల్లి కుంటుతున్న పిల్లని వెంటబెట్టుకుని నేరుగా రేగడి దగ్గరికొచ్చింది. "పదకొండు మందిని కన్నావు సరే. ఒక్కడికైనా బుద్ధి చెప్పుకోలేకపోయావా?"

రేగడి తనకంటే మూడేళ్ళు పెద్దవాడి పెంపకానికి తలవంచుకుని నిలబడింది.

మర్నాడు ఫైనల్. పొద్దున్నే జట్టులో ఒకడికి కాలు బెణికింది. రేగడి పరుగెత్తుకెళ్ళింది. "మాటిచ్చారు కదండీ."

"పదిమందితోనే లాగిస్తాం," అన్నాడు కొండముచ్చు. "అమ్మలు ఒడ్డున కూర్చుని కేకలేస్తే చాలు."

"పెద్దదని ముద్ర పడింది కదమ్మా. నా ముద్ర నేనే ఎలా కొట్టేసుకోను?" అన్నాడు ఉడుము.

చిన్నబాబు పచ్చికలో పొర్లుతూ మూతి ముడిచాడు. "అమ్మా, ఆకలేస్తోందే."

అందరూ విరగబడి నవ్వారు.

"ఆకలేస్తోందా నాన్నా? ఉండు," అని రేగడి తిన్నగా ఏనుగు దగ్గరికెళ్ళింది. "పెద్దమ్మా, మా పిల్లలకి ఆకలంట. నాకు పాలు పడటం లేదు. పైగా ఈ వయసులోనే కోరలొస్తున్నాయి. ఏం జబ్బో ఏమో. ఇవాళ ఆడించొద్దు."

తల్లి మాట తల్లి మాటే. ఏనుగు పదకొండు మందినీ తొండంతో ఒక్కొక్కణ్ణే ఎత్తి పసిపిల్లల గుహలో పడుకోబెట్టింది. దాది ఎలుగుబంటి జోలపాట ఎత్తుకుంది. మేకపాలు తెచ్చి పట్టింది. తాగిందాకా వదల్లేదు, తాగాక వీపు తట్టింది.

మేం పెద్దవాళ్ళమంటే పోటీ పోతుంది. అనకపోతే ఆట పోతుంది. భూపతి గుహ బయట నిలబడి కొడుక్కి కళ్ళతోనే సైగలు చేశాడు, ఓర్చుకోమని.

మూడో జోలపాటకి చిన్నబాబు ఓర్చుకోలేకపోయాడు. "నన్నొదలండి. నాకింట్లో ఇద్దరు పిల్లలున్నారు."

"అయ్యో, జ్వరం తలకెక్కింది బిడ్డకి," అని ఎలుగుబంటి నేలవేము కషాయం పట్టింది.

మైదానంలో ఏటవతలి జట్టు ఒక్కటే మిగిలింది. గెలిచినట్టు చెప్పారు. ఆడకుండా గెలిచిన పిల్లలకి ఏం చెయ్యాలో తోచక బంతి అటూ ఇటూ తంతున్నారు. బంతి దొర్లుకుంటూ రేగడి కాళ్ళ దగ్గరికొచ్చింది.

రేగడి దాన్ని తన్నలేదు. ముందు కాలితో తొక్కిపట్టింది, ఒకణ్ణి తప్పించింది, ఇంకొకణ్ణి తిప్పింది, ముగ్గురి కాళ్ళమధ్యనుంచి గోల్‌లోకి పంపింది. పొద్దు నడినెత్తికొచ్చేదాకా ఆడుతూనే ఉంది. ఎవరూ లెక్క రాయలేదు.

రొప్పుతూ కూలబడ్డ ఒక దుప్పిపిల్ల ఆమెవంక మెచ్చుకోలుగా చూసింది. "అత్తా, ఈ వయసులో కూడా భలే ఆడుతున్నావే."

"నీకెన్ని నెలలు?"

"పదకొండు."

రేగడి బంతి దానివైపు తన్నింది.

తిరిగొచ్చాక సంఘం విచారణ పెట్టింది. పద్నాలుగు మంది ఉపాధ్యక్షులూ కూర్చుని విచారిస్తే నాలుగు నెలలు పట్టింది. తప్పు కోచ్‌ది కాదు, గుమాస్తాది కాదు, అధ్యక్షుడిది అసలే కాదు. తల్లి పిల్లలకి వేళకి పాలివ్వనందువల్లే అడవి పరువు పోయిందని తేల్చారు. తల్లి నిర్లక్ష్యానికి బలైన పసికందు చిన్నబాబుకి పూలదండ వేశారు.

"మీరు చెప్పిందే సరి. నన్ను తల్లిగా పంపొద్దు," అంది రేగడి. "ఈసారి ఆటగత్తెగా రాసుకోండి."

ఉడుము ఈసారి వీపు చూడలేదు, పుస్తకమే తెరిచాడు. విచారణ జరుగుతుండగానే రేగడికి ఏడాది నిండింది. తను వేసిన ముద్ర నిజమైనందుకు ఉడుముకి చాలా తృప్తి కలిగింది. చిన్నబాబుకి పుస్తకంలో ఇంకా నాలుగు నెలలే. వచ్చే ఏటి జట్టుకి మొదటి పేరు అతనిదే రాశాడు.

నీతి: ఏళ్ళు గడిచినా బిడ్డలు ఎదగలేదంటే తప్పు తల్లి పెంపకానిదే, ఆ తల్లి బిడ్డలకంటే మూడేళ్ళు చిన్నదైనా సరే.