వంక పెట్టేవారు కావలెను

ఆ శనివారం పొద్దున్న ప్రశాంతి వేసుకున్న పథకం చాలా చిన్నది. స్కూటీ మీద జొన్నాడ వెళ్లి ఒక తప్పు, పలివెల వెళ్లి ఒక తప్పు పట్టుకుని, భోజనాల వేళకి కొత్తపేటలో ఇంటికి వచ్చేయాలి.

లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా తీసుకుని తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు. సంగీతం వాళ్లు తమకొక రకంగా, శాస్త్రజ్ఞులు తమకొక రకంగా దిద్దుకుంటారు. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ప్రశాంతి, బళ్లలో మూలపడ్డ పాత కంప్యూటర్ల కోసం తెలుగులో ఒకటి తయారుచేసి, 'కొబ్బరాకు' అని పేరు పెట్టి, ఏళ్ల తరబడి కంటికి రెప్పలా చూసుకుంటోంది. ఇలాంటి రకాలన్నిటి బాగోగులు చూసే స్వచ్ఛంద బృందం ఒకటి ఎక్కడో సముద్రాల అవతల ఉంది. ఆ పొద్దున్నే వాళ్ల దగ్గర్నుంచి మెయిలొచ్చింది. "మీ కొబ్బరాకు మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు. అంటే వాడేవాళ్లే లేరన్నమాట. ఈ సాయంత్రంలోగా వాడేవాళ్లెవరైనా తప్పు చెప్పకపోతే మా వెబ్‌సైట్లోంచి తీసేస్తాం." తీసేస్తే బళ్లకి అది అందే దారే ఉండదు, ఆ కంప్యూటర్లన్నీ మళ్లీ మూలకే. ప్రశాంతి ఉప్మా సగంలో వదిలేసి స్కూటీ తాళం తీసుకుంది.

జొన్నాడ బడిలో మెర్సీ టీచరు ఎదురొచ్చి మజ్జిగ ఇచ్చింది.

"కొబ్బరాకులో తప్పేమైనా ఉంటే చెప్పండి టీచర్ గారూ," అంది ప్రశాంతి.

"తప్పాండీ? మీరు చేసినదాంట్లోనా? ఎంతమాటండీ!"

"పిల్లలకి పాటలు వినబడుతున్నాయా?"

"ఆయ్. నేను పాడతానండి. బొమ్మ ఆడుతుంటే వెనకాల నిలబడి పాడేస్తానండి."

"అంటే సౌండ్ రావట్లేదు! అదే రాయండి."

మెర్సీ ఫోను తీసి, బృందం వెబ్‌సైట్లో భక్తిగా రాసింది: "పాటలు చాలా బాగున్నాయి." ప్రశాంతి నెత్తి కొట్టుకుని స్కూటీ ఎక్కింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె మలుపు తిరగ్గానే మెర్సీ పలివెల హెడ్మాస్టరు జగ్గయ్య గారికి ఫోన్ చేసింది. "మాస్టారండీ, పాపం ప్రశాంతి గారి మీద ఎవరో పైవాళ్లకి ఫిర్యాదు చేసేరండి. తప్పులు చెప్పమని ఆవిడ చేతే అడిగిస్తున్నారండి. మనం నిలబడాలండి."

జగ్గయ్య గారు నిలబడ్డారు. చుట్టుపక్కల బళ్లన్నిటికీ కబురుపెట్టి, తాను రాసిన ఒకే వాక్యాన్ని అందరిచేతా ఆ వెబ్‌సైట్‌కి పంపించారు: "ఏ లోపమూ లేదు." ఆపైన ప్రశాంతికి సన్మానం చేయడానికి ఏర్పాట్లు మొదలుపెట్టారు.

ప్రశాంతి పలివెల చేరేసరికి షామియానా వేసి ఉంది. కుర్చీల నిండా టీచర్లున్నారు. వేదిక మీద కంప్యూటర్ పెట్టారు గానీ, దాని మానిటర్ తలకిందులుగా ఉంది.

"ఇదేమిటి మాస్టారూ?"

"బొమ్మ తిరగబడి వచ్చేదండి. అంచేత టీవీని తిప్పి పెట్టేమండి. ఇప్పుడు దివ్యంగా ఉందండి," అన్నారు జగ్గయ్య గారు.

అంతలో ఫోన్ మోగింది. బృందం మెయిలు. "ఇంతమంది పేర్లతో ఒకే వాక్యం వచ్చింది. ఇవన్నీ దొంగ పేర్లు. కొబ్బరాకును తీసేస్తున్నాం."

సరిగ్గా అప్పుడే మైకు ఆమె చేతికిచ్చారు.

"కొబ్బరాకు ఇక లేదండి. నచ్చనిది ఒక్కటి చెప్పి ఉంటే బతికేది," అంది ప్రశాంతి. సభ మొత్తం లేచి, తలలు వంచి, మౌనం పాటించింది.

మౌనం పూర్తయ్యాక జగ్గయ్య గారు మెల్లిగా దగ్గరికొచ్చారు. "అయితే, ఇక ఏమన్నా మీ మనసు నొచ్చుకోదు కదండీ?"

"ఇంకా నొచ్చుకోవడానికి ఏముంది మాస్టారూ!"

"అయితే చెప్తానండి. 'ళ' కొడితే మిషను ఆగిపోతుందండి. అందుకని పిల్లలకి 'ళ' లేని మాటలే నేర్పుతున్నామండి."

"సౌండ్ అస్సలు రాదండి! పాడి పాడి నా గొంతు పోయిందండి!" అంది అప్పుడే ఆటో దిగిన మెర్సీ. ఇక ఆపడం ఎవరి తరం కాలేదు. ఆదివారం వచ్చిందంటే క్యాలెండర్ బుధవారం చూపిస్తుందని ఒకరు, ఆపితే మళ్లీ వెలుగుతుందని ఒకరు కుర్చీలు దిగి మీదికొచ్చారు.

"అదంతా ఫోన్లలో కొట్టండి బాబూ!" అని మైకులో అరిచింది ప్రశాంతి. కొట్టారు. ఏళ్ల తరబడి మర్యాదకి మింగినవన్నీ కొట్టారు.

పొద్దు వాలకముందే జవాబొచ్చింది. "ఇన్ని తప్పులున్నదాన్ని మేమెన్నడూ చూడలేదు. అయినా వదలకుండా వాడేవాళ్లనీ చూడలేదు. మమ్మల్ని క్షమించండి. కొబ్బరాకు ఉంటుంది." ప్రశాంతి ఉన్నచోటే కూలబడి సంతోషంతో ఏడ్చేసింది.

జగ్గయ్య గారు శాలువా తెచ్చి కప్పారు. భుజం దగ్గర ఎలక కొట్టిన కన్నంలోంచి ఆమె వేలు బయటికొచ్చింది.

"ఎలా ఉందండీ శాలువా? లోపముంటే మొహమాటం లేకుండా చెప్పెయ్యండి. ఇవాళ్టి నుంచి మనందరం అలాగే కదండీ," అన్నారాయన.

"చాలా బాగుందండి," అంది ప్రశాంతి, వేలు మడిచి లోపలికి తీసుకుంటూ.